వైజ్ఞానిక చిత్రాలలో వలపు మాటలు

2025 ఏప్రిల్‌లో "ఆదిత్య 369" చిత్రాన్ని మెరుగుపరచిన ప్రతితో తిరిగి విడుదల చేసినప్పుడు, మా కళాశాల విద్యార్థులు కొందరితో కలిసి అమలాపురంలో చూచినాను. 1991 జులైలో అది మొదట వెలువడేనాటికి నేను ఒడిలోని బిడ్డను. తరువాత టెలివిజనులో ఎన్నిసార్లు చూచినానో లెక్క లేదు. పెద్ద తెర మీద చూచుట మాత్రం ఇదే మొదలు. ఆట ముగిసి బయట టీ త్రాగుతుండగా, రాజోలు వైపునుండి వచ్చే బి.యస్‌సి. విద్యార్థి ఒకడు, "మాస్టారండీ, రాయలవారి కాలంలో నిజంగా అలాగే మాట్టాడుకునేవారాండీ?" అని అడిగినాడు. ప్రక్కవాడు ఊరుకోక, "2504లో ప్రేమించుకోవాలన్నా అలాగే మాట్టాడాలాండీ?" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

కాలయంత్రం సాధ్యమా అని అడిగి ఉంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. భౌతిక శాస్త్రం చెప్పుకొని బ్రతికేవాణ్ణి కదా! కాని వారు అడిగినది మాటలను గురించి. ఇంటికి వచ్చిన తరువాత ఆ రెండు ప్రశ్నలూ నన్ను వదలలేదు. మన వైజ్ఞానిక కల్పనా చిత్రాలలో యంత్రాలు ముందుకు పోతూ ఉంటే నాయికా నాయకుల ప్రేమ సంభాషణ మాత్రం వెనుకనే నిలిచిపోవడం పాఠకులలో చాలామంది గమనించే ఉంటారు. తెర మీద దీపాలు మినుకు మినుకుమంటూ ఉంటాయి, మీటలు నొక్కుతూ ఉంటారు; నాయకుడు నాయిక వైపు తిరిగేసరికి చంద్రుడు, వెన్నెల, జన్మజన్మల బంధం, యుగయుగాల నిరీక్షణ వచ్చి కూర్చుంటాయి. ఇది లోపమా? లోపమే అయితే ఎక్కడున్నది?

మొదటి ప్రశ్నతో ప్రారంభిద్దాం. "ఆదిత్య 369"ను తీసినవారు సింగీతం శ్రీనివాసరావు. మాటలు వ్రాసినవారు జంధ్యాల. జంధ్యాల జన్మస్థలం నరసాపురం. మా సఖినేటిపల్లి రేవునుండి చూస్తే వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డు. ఈ గోదావరి పలుకు ఆయన చెవిలో పుట్టుకతో ఉన్నది. కథలో కాలయంత్రం నాయికా నాయకులను 1526వ సంవత్సరపు విజయనగరానికి తీసికొని పోతుంది. శ్రీకృష్ణదేవరాయలు 1509నుండి 1529వరకు పాలించినాడు గనుక అది ఆయన చివరి దినాలన్నమాట. ఆస్థానంలో పాత్రలు నిండైన, బరువైన, సమాసాలు దట్టించిన తెలుగు మాట్లాడుతాయి. చెవికి ఇంపుగానే ఉంటుంది. అయితే అది 1526 నాటి తెలుగు కాదు. అది 1950-60ల మద్రాసు స్టూడియోల తెలుగు. "పాతాళభైరవి", "మాయాబజార్" చిత్రాలతో మన చెవులలో స్థిరపడిన రాచ తెలుగు. ఆ భాగంలోని "జాణవులే" పాటకు జిక్కి గొంతును ఎన్నుకొనడం చూడండి. జిక్కి అనగానే మన పెద్దలకు గుర్తు వచ్చేది 1950ల సినిమా. చిత్రబృందానికి ఈ సంగతి తెలియదని నేను అనను; బాగా తెలిసే చేసినారని నా నమ్మకం. ప్రేక్షకునికి "పాత కాలం" అనిపించాలంటే అతని జ్ఞాపకంలో ఉన్న పాత సినిమాను తాకితే చాలు. నాలుగున్నర శతాబ్దాల దూరాన్ని నాలుగు దశాబ్దాల దూరంతో సరిపెట్టినారు.

మరి 1526లో ప్రేమికులు నిజంగా ఎట్లా మాట్లాడుకొనేవారు? ఇది పూర్తిగా చీకటి కాదు. తాళ్ళపాక అన్నమాచార్యులు 1503లో పరమపదించినాడు. అంటే చిత్రకథకు 23 సంవత్సరాల ముందు. ఆయన సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద మనకు మిగిలినవి. శృంగార సంకీర్తనలు తెరిచి చూచినవారికి తెలుస్తుంది: వాటిలోని ఆడవారి మాటలు ఎంత సూటివి, ఎంత ఎత్తిపొడుపువి, ఎంత ఇంటిమాటలు! అలుక, దెప్పు, సామెత, చెలికత్తెతో గుసగుస. కావ్య సంబోధనల బరువు లేని చోట్లు ఎన్నో. అవి పాటలే గాని సంభాషణల రికార్డు కాదని ఒప్పుకుంటాను. అయినా ఆ కాలపు జీవభాషకు అంత దగ్గరి సాక్ష్యం మనకు చాలా తక్కువ. కాబట్టి మా విద్యార్థికి నా జవాబు ఇది: కాదురా అబ్బాయీ, రాయలనాటి ప్రేమికులు సినిమా రాయలనాటి ప్రేమికులకంటె మనవలెనే మాట్లాడి ఉండవచ్చు.

రెండవ ప్రశ్నకు కొంచెం లెక్క కావాలి. 1526నుండి 2504కు 978 సంవత్సరాలు. ఇది ఎంత దూరమో ఊహకు అందడానికి వెనుకకు తిరిగి చూడాలి. మనకు ఎగువన రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ భారతం తెనిగించినది పదకొండవ శతాబ్దంలో. నన్నయకూ మనకూ మధ్య ఎంత కాలమో, చిత్రంలోని రాయలకూ ఆ భవిష్యత్తు మానవులకూ మధ్య దాదాపు అంత కాలం. 1950లలో మారిస్ స్వాదేష్ అనే అమెరికన్ భాషావేత్త ఒక అంచనా వేసినాడు. కన్ను, నీరు, చేయి వంటి నూరు మౌలిక పదాలను తీసుకొంటే వెయ్యి సంవత్సరాలలో వాటిలో సుమారు 14 మారిపోతాయని, 86 నిలుస్తాయని. అన్ని భాషలూ ఒకే వేగంతో మారవని తరువాతి పండితులు దీనిని గట్టిగా ఆక్షేపించినారు. నేనూ దీనిని కొలబద్దగా కాక చేతికర్రగానే వాడుతున్నాను. నన్నయలోని కన్నూ, నీరూ, ఊరూ ఇప్పటికీ మన నోట ఉన్నవి. కాని కూర్మి, నెనరు, వలపు ఏమైనవి? (ఈ వ్యాసం శీర్షికలో "వలపు" అని వ్రాస్తూ నేనే కొంచెం సిగ్గుపడినాను.) అవి పాటలలోనికి, పద్యాలలోనికి వెళ్ళిపోయినవి. శరీరాన్ని చెప్పే పదాలు నిలుస్తాయి, మనసును చెప్పే పదాలు త్వరగా పాతబడతాయి అని నాకు తోస్తుంది. అందువలన భవిష్యత్తు కథ వ్రాసేవారు మిగతా అన్నిటికంటె ముందు మార్చవలసినది ప్రేమ మాటలనే. మనవారు మిగతా అన్నీ మార్చి, దానిని మాత్రం వదలివేస్తున్నారు.

కొందరు మార్చడానికి ప్రయత్నించినారు. 2010లో శంకర్ తీసిన "రోబో" (తమిళంలో "ఎందిరన్") అందుకు నిదర్శనం. యంత్రమానవుడు చిట్టి తన సృష్టికర్త ప్రేమించిన సననే తానూ ప్రేమిస్తాడు. పాటలలోను మాటలలోను విద్యుత్తు, ఇనుము, యంత్రభాగాలు దండిగా దొర్లుతాయి. వినగానే క్రొత్తగా ఉన్నదనిపించే మాట నిజమే. కాని చెవి నిలిపి వినండి. ఆ ధోరణిలో ఒక వాక్యం నేనే కట్టి చూపుతాను: "నీవు ధనావేశం, నేను ఋణావేశం." దీనిలో "నీవు చంద్రుడవు, నేను కలువను" అనే దానికి భిన్నమైనది ఏమున్నది? నామవాచకాలు రెండూ మారినవి. ఉపమ అచ్చు అదే. పైగా శాస్త్రం కూడా తప్పుదారి పట్టినది. విరుద్ధ ఆవేశాల మధ్య ఆకర్షణ దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని కూలుంబ్ సూత్రం. అంటే దూరం రెండింతలైతే ఆకర్షణ నాలుగవ వంతు. ఈ మాట అన్న ప్రియుడు, "నీవు రెండడుగులు వెనక్కి వేస్తే నా ప్రేమ నాలుగవ వంతుకు పడిపోతుంది" అని ఒప్పుకొన్నట్లే! మా తరగతిలో ఈ సంగతి చెప్పిన తరువాత కూలుంబ్ సూత్రం మరచిపోయినవాడు లేడు. ఆ మేరకు ఆ ధోరణికి నేను ఋణపడి ఉన్నాను.

శాస్త్ర పదం హృదయానికి అంటదని దీని అర్థం కాదు. అంటుతుంది, అనుభవంలో కాలినప్పుడు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓ.ఎన్.జి.సి. వారి బావినుండి గ్యాసు ఎగజిమ్మి మంటలంటుకొని 65 దినాలు మండినది. నాకు అప్పుడు నాలుగేళ్ళు. ఎర్రని ఆకాశం తప్ప నాకేమీ గుర్తు లేదు. కాని "బ్లో ఔట్" అనే మాట ఆనాటినుండి మా ఇళ్ళలో ఉన్నది. మా అమ్మమ్మ చదువుకొన్నది కాదు. మా పిన్ని పెళ్ళి ఎప్పుడు జరిగినదని అడిగితే "బ్లో ఔట్ అయిన యేడు" అనేది, గొంతు తగ్గించి. ఇంజనీర్ల మాట ఒకటి భయాన్నీ, బంధువులనూ, పెళ్ళినీ మోయడం నేను మొదట విన్నది ఆమె నోటనే. సంభాషణా రచయిత చేయవలసిన పని అది. నిఘంటువునుండి పదం తెచ్చి పొదగడం కాదు.

ఈ పాత ధోరణి ఎక్కడినుండి వచ్చినదో కూడా చూడాలి. మన తొలి టాకీ "భక్త ప్రహ్లాద" సురభి నాటకంనుండి తెర మీదికి వచ్చినదే. నాటకంలో మైకు లేని రోజులు ఉండేవి. శబ్ద తీవ్రత కూడా దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. మొదటి వరుసలో వినబడిన గుసగుస చివరి వరుసకు చేరదు. అందుచేత నటుడు ప్రక్కనే ఉన్న నాయికతో చెప్పవలసిన మాటను పందిరి చివర నేల మీద కూర్చున్న వానికి వినిపించవలసి వచ్చినది. అచ్చులు సాగినవి, సంబోధనలు పెరిగినవి, ఒక్క మాటకు మూడు విశేషణాలు చేరినవి. ఒకటి జారిపోయినా ఇంకొకటి చేరుతుందని! పాత శృంగార సంభాషణను నేను కృత్రిమమని కొట్టివేయలేకపోవడానికి కారణం ఇదే. అది దూరం కోసం పుట్టిన పలుకు. మైకు పెదవి దగ్గరకు వచ్చిన తరువాత, ముఖం తెర నిండా కనబడిన తరువాత, అదే పలుకు పలకడం వలన అది అరుపైనది.

2002లో వచ్చిన "స్టార్ వార్స్: అటాక్ ఆఫ్ ది క్లోన్స్"లో అనకిన్, పద్మేల ప్రేమ ఘట్టాలను ప్రపంచమంతా వెక్కిరించినది. జార్జ్ లూకాస్ పాతకాలపు హాలీవుడ్ ఫక్కీని తెలిసే ఎన్నుకొన్నాడని సమర్థించేవారు ఉన్నారు. ఎన్నుకొనుట తప్పు కాదు. వారిద్దరిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి ఆ పలుకు పలికించడం తప్పు.

దూరం అనగానే నాకు "మాయాబజార్" గుర్తు వస్తుంది. 1957లో కె. వి. రెడ్డి తీసిన ఆ చిత్రానికి మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావువి. అది పౌరాణికం, దానిని వైజ్ఞానిక చిత్రమని అన్నవాణ్ణి మన పెద్దలు బెత్తంతో కొడతారు. అయినా అందులోని ప్రియదర్శినిని తలచుకోండి. మూత తెరిస్తే చూచేవారికి ఏది ప్రియమో అది కనబడే పేటిక. శశిరేఖ చూస్తే అభిమన్యుడు కనబడతాడు. మన దేశంలో టెలివిజను ప్రసారం ఢిల్లీలో మొదలైనది 1959 సెప్టెంబరులో. ఈ పేటిక అంతకు రెండేళ్ళు ముందే వచ్చినది. నాకు నచ్చిన విషయం పేటిక కాదు, దానిని ప్రేమికులు వాడుకొన్న తీరు. దాని పనితనాన్ని గురించి వారు ఒక్క క్షణం కూడా వృథా చేయరు. అటు ఒకరు, ఇటు ఒకరు, మధ్య ఎడబాటు. పలుకు దానంతట అదే పాటగా సాగుతుంది. అక్కడ ఆ సాగదీత సహజం. ఎందుకంటే నిజంగా దూరమున్నది. మన వైజ్ఞానిక చిత్రాల వారు పింగళినుండి పదాలు తీసుకొన్నారు. ఆ దూరాన్ని తీసుకోలేదు.

ఇక్కడ అసలు విషయానికి వస్తున్నాను. అంతరిక్షంలో దూరమంటే ఆలస్యం. కాంతి, రేడియో తరంగాలు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. చంద్రుని మీది మనిషికి మన మాట చేరడానికి 1.3 సెకను, జవాబు రావడానికి మరి అంత. ఇది ఓర్చుకోవచ్చు. అంగారకుడు దగ్గరగా ఉన్నప్పుడు మాట చేరడానికి 3 నిమిషాలు, మిక్కిలి దూరంగా ఉన్నప్పుడు 22 నిమిషాలు. "బాగున్నావా?" అని అడిగి, "ఆఁ" అని వినడానికి ముప్పావుగంట. ఇటువంటి చోట పొడి పొడి మాటలతో, నవ్వుతో, మధ్యలో అడ్డు తగలడంతో నడిచే నేటి ప్రేమ సంభాషణ పనికి రాదు. అక్కడ అవసరమైనది జవాబు కోసం ఆగకుండా తన మనసంతా ఒక్కసారిగా చెప్పే దీర్ఘమైన పలుకు. అంటే కాళిదాసు యక్షుడు మేఘంతో పంపిన సందేశం. శ్రీనాథుని నైషధంలో హంస మోసుకొని పోయిన మాట. మనం పాతదని నవ్వుతున్న ఆ ధోరణికి ఖగోళ దూరాలలో మళ్ళీ పని పడుతుంది! భౌతిక శాస్త్రమే దానికి పిలుపు పంపుతున్నది. మన చిత్రాలవారు మాత్రం ఆ పిలుపు ఇంకా విన్నట్లు లేదు.

2014లో క్రిస్టఫర్ నోలన్ "ఇంటర్‌స్టెల్లార్" దీనిని కొంత పట్టుకొన్నది. ఒక గ్రహం మీద గంట గడిస్తే భూమి మీద ఏడు సంవత్సరాలు. తిరిగి ఓడకు వచ్చిన తండ్రి, బిడ్డలు 23 సంవత్సరాలపాటు పంపిన సందేశాలను వరుసగా చూస్తాడు. మారు చెప్పడానికి వీలు లేదు. ఆ ఘట్టంలో మాటలు ఎంత సాదావో, దెబ్బ అంత గట్టిది. అదే చిత్రంలో ప్రేమ కాలాన్నీ స్థలాన్నీ దాటుతుందని ఒక పాత్ర ఎదురెదురుగా నిలబడి ఉపన్యసించినప్పుడు నాకు మన పాత నాటకాల పందిరి గుర్తు వచ్చినది.

మనవారిలో ఇటీవలివారు కొందరు వేరే దారి పట్టినారు. 2018 నాటి "అంతరిక్షం 9000 కెఎంపిహెచ్"లో ప్రేమ నాయకుని గతంలోనికి జరిగినది, మాటలు పొదుపైనవి. (శీర్షికలోని వేగం మీద నాకొక చిన్న పేచీ: గంటకు 9000 కిలోమీటర్ల వేగంతో వలయంగా తిరిగే ఉపగ్రహం భూకేంద్రంనుండి దాదాపు 64 వేల కిలోమీటర్ల దూరంలో ఉండాలి. భూమికి దగ్గరగా తిరిగేవి గంటకు 28 వేల కిలోమీటర్లు పోతాయి.) 2022లో "ఒకే ఒక జీవితం" కాలయంత్రాన్ని 1998కి నడిపించినది, తల్లి కోసం. అక్కడ ఎవరూ గొంతు సాగదీయరు. కొడుకు తల్లితో మాట్లాడేది ఇంటిమాటే. ఆమెకు రాబోయేది అతనికి తెలుసు, ఆమెకు తెలియదు గనుక ఆ ఇంటిమాటకే బరువు వచ్చినది. ఇదీ ఒక రకం దూరమే. నా లెక్కలో మన కాలయాన చిత్రాలలో మాటల విషయమై ఇది మిన్న. 2024 నాటి "కల్కి 2898 ఎ.డి."లో భైరవునికీ అతని వాహనం బుజ్జికీ మధ్య నడిచే కలహమూ చనువూ ఆ చిత్రంలోని ఏ స్త్రీపురుషుల ముచ్చటకంటె జీవంగా ఉన్నవి. బండితో మాట్లాడగలిగినవారు మనిషితో మాట్లాడలేకపోవడం చోద్యమే.

చంద్రుణ్ణి వెళ్ళగొట్టమని నేను అనడం లేదు. కోనసీమవానికి చంద్రుడు ఉత్త ముఖోపమానం కాదు. పున్నమికీ అమావాస్యకూ పోటు ఎక్కువ; రేవులో పడవ ఎప్పుడు తీస్తారో, చేపలవేట ఎప్పుడో, ఆవలి ఒడ్డుకు వెళ్ళిన మనిషి ఎప్పుడు వస్తాడో మా పెద్దలు చంద్రుణ్ణి చూచే చెప్పేవారు. "పోటు మీదుంది, ఇప్పుడు రేవు దాటకండి" అని భార్య అంటే అది ఖగోళ శాస్త్రమూ అవును, ప్రేమా అవును. 1969లో అపోలో 11 యాత్రికులు చంద్రుని మీద అద్దాలు పెట్టి వచ్చినారు. వాటినుండి తిరిగి వచ్చే లేజరు కాంతిని కొలిచినందువలన చంద్రుడు సంవత్సరానికి సుమారు 3.8 సెంటీమీటర్లు దూరమవుతున్నాడని తేలినది. అంటే 1526లో ప్రేమికులు సాక్షిగా పిలిచిన చంద్రుడు 2504నాటికి సుమారు 37 మీటర్లు ఎడమవుతాడు, ఒక్క కొబ్బరిచెట్టుకంటె కొంచెం ఎక్కువ. దీనితో ఏ రచయితా ఒక్క వాక్యం వ్రాయకపోవడం నాకు ఆశ్చర్యం.

నేను రచయితను కాను. అయినా మొన్న రెండవ సంవత్సరం తరగతిలో కాంతి వేగం పాఠం ముగించి, లెక్కకు బదులుగా ఒక పని ఇచ్చినాను: భర్త అంగారకుని మీద, భార్య రాజోలులో, ఆమె పంపే మాట వ్రాయండి, ఆలస్యం లెక్క తప్పకూడదు. ఎక్కువమంది సినిమా ఫక్కీలోనే వ్రాసినారు. ముగ్గురు నలుగురు ఇంగ్లీషులో వ్రాసినారు, ప్రేమ తెలుగులో వ్రాయడం సిగ్గట. కొత్తపేట అమ్మాయి ఒకతె నాలుగు వాక్యాలు వ్రాసి ఇచ్చినది: "ఇది మీకు చేరేటప్పటికి ఇక్కడ అన్నం ఉడుకుద్దండి. మీ మాట నా దగ్గరికొచ్చేసరికి చల్లారిపోద్ది. అయినా మీరు నిదానంగానే చెప్పండి. నేను వేడి చేసుకుంటాను." క్రింద లెక్క వేసినది: చేరడానికి 22 నిమిషాలు, తిరిగి రావడానికి 22. లెక్క సరిపోయినది గాని, ఒక్క విషయం ఆమె చూచుకోలేదు. అంగారకుడు అంత దూరాన ఉన్న రోజులలో భూమికీ దానికీ మధ్య సూర్యుడు అడ్డు వస్తాడు. మాట సరిగా చేరదు. అర మార్కు తగ్గించినాను. మరునాడు ఆమె వచ్చి, "సూర్యుడు తప్పుకునేదాకా ఆగి పంపిందనుకోండి మాస్టారండీ" అన్నది. ఆ అర మార్కూ తిరిగి ఇచ్చినాను.